భయంతో చేసే నమాజు అల్లాకి చేరుతుందా, ఆపా?

కడప నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది. చాలా పొడుగ్గా రాసింది కాబట్టి ముఖ్యమైన మాటలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

"ఆపా, నాకు 26 ఏళ్లు, మందుల షాపులో పనిచేస్తున్నాను. మా దాదీ (నాన్నమ్మ) పోయిన రంజాన్‌లో చనిపోయింది. చిన్నప్పటి నుంచి గురువారం వస్తే నన్ను పెద్ద దర్గాకి తీసుకెళ్లేది. అల్లా మనల్ని ప్రేమిస్తాడు బేటా అని ఎప్పుడూ అంటుండేది. మా అన్న కువైట్‌లో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఈ దర్గాలు, సూఫీలు, ప్రేమలు అన్నీ తర్వాత కలిపినవి, ఇస్లాం అంటే అల్లాకి భయపడి చెప్పింది చేయడం, అంతే అంటాడు. నిజం చెప్పాలంటే నేనూ జహన్నం (నరకం) భయంతోనే నమాజు చేస్తూ వచ్చాను. దాదీ పోయాక ఆ భయం కూడా లేదు, ఏమీ లేదు, పెదాలు కదులుతాయి, అంతే. అల్లా నన్ను వదిలేశాడేమోనని టెన్షన్‌గా ఉంటోంది. ప్రేమ నిజంగా మన దీన్‌లో (మతంలో) ఉందా, సూఫీలు కలిపారా? నాది అసలు నమాజేనా? దాదీ తస్బీ (జపమాల) నా దగ్గరే ఉంది. ఖర్జూరపు గింజలతో చేసింది, దారం తెగితే దాదీయే పూలదారంతో ముడేసుకుంది. అన్న దాన్ని కూడా తీసేయమంటున్నాడు. ఏం చేయను?"

చెల్లీ,

ముందు తస్బీ సంగతి. దాన్ని ఎవరికీ ఇవ్వకు, ఎక్కడా పారేయకు. ఎందుకో చివర్లో చెప్తాను, ముందు నువ్వడిగిన పెద్ద ప్రశ్న చూద్దాం.

ప్రేమ మన దీన్‌లో ఉందా అంటే, ఉంది, దానికోసం సూఫీల దాకా, అంటే ప్రేమ దారిలో అల్లాని వెతికిన సాధకుల దాకా పోనక్కర్లేదు, ఖురాన్‌లోనే ఉంది. అయిదో సూరా (అధ్యాయం), మాయిదా, 54వ ఆయత్ (వాక్యం) తీసి చూడు. దీన్ వదిలి వెనక్కి పోయేవాళ్లు పోతే అల్లా ఇంకొక జనాన్ని తీసుకొస్తాడు, వాళ్లని ఆయన ప్రేమిస్తాడు, వాళ్లు ఆయన్ని ప్రేమిస్తారు అని అక్కడ భావం. అరబ్బీలో "యుహిబ్బుహుమ్ వ యుహిబ్బూనహూ" అని వస్తుంది. వరస గమనించు. ముందు ఆయన ప్రేమ, తర్వాత మనది. సూఫీ గురువులు ఈ వరస దగ్గర ఆగిపోయి దాని గురించే మాట్లాడుతూ వచ్చారు: మనం వెతకడం మొదలుపెట్టక ముందే అవతలి నుంచి ప్రేమ బయలుదేరింది, మనలో పుట్టే ప్రేమ దానికి జవాబు మాత్రమే అని. మీ దాదీ ఆయత్ నంబరు చెప్పకుండానే నీకు ఆ ఆయత్ చెప్పింది.

ఇదొక్కటే కాదు. బఖరా సూరా 165వ ఆయత్‌లో ఈమాన్ (విశ్వాసం) ఉన్నవాళ్లకి అల్లా మీద ఉండే ప్రేమ అన్నిటికన్నా గట్టిదని ఉంది. అల్లా పేర్లలో 'వదూద్' ఒకటి, ప్రేమించేవాడు అని అర్థం, 85వ సూరాలో క్షమించేవాడు అనే పేరు పక్కనే వస్తుంది. 114 సూరాల్లో 113 సూరాలు రహ్మాన్, రహీమ్ (దయామయుడు, కరుణామయుడు) అనే పేర్లతోనే మొదలవుతాయి. అన్నం ముందు కూర్చున్నా, బండి స్టార్ట్ చేసినా మనం పలికేది ఆ రెండు పేర్లే కదా.

మీ అన్న మాటలో ఒక నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. 'ఇష్క్' అనే మాట ఖురాన్‌లో లేదు. అక్కడున్నది 'హుబ్', ప్రేమ అని అర్థం. ఇష్క్ అంటే ఒళ్లు మరిచిపోయే ప్రేమ, అల్లా విషయంలో ఆ మాట వాడకూడదని చెప్పిన పెద్ద పండితులు ఉన్నారు. సూఫీలు, అందులోనూ పర్షియన్‌లో రాసిన కవులు, జంకు లేకుండా వాడారు. కానీ చెల్లీ, ఇష్క్ అనొద్దు అన్నవాళ్లెవరూ ప్రేమించొద్దు అనలేదు. మాట మీద వచ్చిన గొడవని అసలు సంగతి మీదికి లాగితే ఎలా?

ఒక హదీసు (ప్రవక్త మాటల ఉల్లేఖనం) చెప్తాను, బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది, మీ అన్నకీ తెలిసే ఉంటుంది. ఒకతను వచ్చి ఖయామత్ (తీర్పు రోజు) ఎప్పుడు అని ప్రవక్తని (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగాడు. దానికోసం ఏం సిద్ధం చేసుకున్నావు అని ఆయన తిరిగి అడిగారు. ఎక్కువ నమాజులు, ఉపవాసాలు, దానాలు ఏమీ లేవు, కానీ నేను అల్లాని, ఆయన రసూల్‌ని ప్రేమిస్తున్నాను అన్నాడా మనిషి. నువ్వు ఎవర్ని ప్రేమిస్తావో వాళ్లతోనే ఉంటావు అని జవాబొచ్చింది. ఆ మాటకి మేం సంతోషపడినంతగా ఇంక దేనికీ సంతోషపడలేదని ఆ హదీసు చెప్పిన ప్రవక్త సహచరుడు అనస్ అంటారు. వట్టి చేతులతో వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్న ఆ మనిషి అంటే నాకు చాలా ఇష్టం.

మరి సూఫీలు కొత్తగా ఏం చేశారు? ఉన్న ప్రేమని నడిమధ్యకి తెచ్చి పీట వేశారు. ఇరాక్‌లోని బస్రాలో రాబియా అనే ఆవిడ ఉండేది, సుమారు 801లో పోయింది. పేదింట్లో పుట్టి, బానిసగా బతికి, విడుదలైన మనిషి అని చెప్తారు. ఒక చేతిలో నిప్పు, ఇంకో చేతిలో నీళ్లు పట్టుకుని వీధిలో నడిచిందని, జన్నత్‌ని (స్వర్గాన్ని) కాల్చేసి జహన్నాన్ని ఆర్పేస్తాను, అప్పుడైనా జనం ఆశ కోసం, భయం కోసం కాకుండా అల్లా కోసమే అల్లాని కొలుస్తారు అందని కథ ఉంది. ఆవిడ గురించి మనకు తెలిసిన కథల్లో చాలావరకు పర్షియన్ కవి అత్తార్‌లాంటి వాళ్లు కొన్ని వందల ఏళ్ల తర్వాత రాసినవి, కాబట్టి ఆ వీధిలో సరిగ్గా ఏం జరిగిందో తేల్చి చెప్పమని నన్ను అడగకు. అందరూ కలిసి చెప్పేది ఒకటుంది, ఆవిడ రాత్రుళ్లు తెల్లవార్లూ నమాజులో గడిపేది. ఇంటర్నెట్‌లో సూఫీలంటే నమాజు, రోజా (ఉపవాసం) వదిలేసి పాటలు పాడుకునేవాళ్లు అన్నట్టు ఫోటోల మీద కొటేషన్లు తిరుగుతుంటాయి చూడు, అవి చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ప్రేమ ముదిరినవాళ్లు నమాజు ఎక్కువ చేశారు కానీ తక్కువ చేయలేదు.

ఇప్పుడు భయం సంగతి. ఇది నా సొంత గాయం కూడా, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు.

మాకు చిన్నప్పుడు అరబ్బీ చెప్పిన హజ్రత్ దగ్గర చింతబరికె ఉండేది. 'ఐన్' అనే అక్షరం గొంతులోంచి పలకాలి, నాకు వచ్చేది కాదు, మామూలు 'అ' వచ్చేసేది. వచ్చినప్పుడల్లా అరచేతి మీద ఒక దెబ్బ. మసీదు పక్క గదిలో గోడకి ఆనుకుని కూర్చుని, నా వంతు వస్తుంటే చెయ్యి ముందే ఓణీలో దాచుకునేదాన్ని. ఆ చెయ్యే ఇంటికొచ్చాక దువాకి ఎత్తేదాన్ని. చాలా ఏళ్లు నాకు అల్లా అంటే అంతకన్నా పెద్ద బరికె పట్టుకున్న ఇంకా పెద్ద హజ్రత్. ఆయన మనసులో ఏముందో, తన చిన్నప్పుడు ఆయన ఎన్ని దెబ్బలు తిన్నాడో, ఇప్పుడు నాకు కోపం లేదు. కానీ ఆ భయం అల్లా భయం కాదని తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. నీ భయంలో కూడా ఇలాంటిది ఎంత కలిసిందో చూసుకో.

ఎందుకంటే అసలైన భయం తీసేయాల్సిన వస్తువు కాదు. పెద్ద పండితుడు, సూఫీ అయిన ఇమామ్ గజాలీ రాసిన ఇహ్యా ఉలూమిద్దీన్ అనే పుస్తకంలో 40 భాగాలున్నాయి. అందులో 33వది భయం, ఆశ గురించి. 36వది ప్రేమ గురించి. ఒకే పుస్తకంలో, ఒకే మనిషి, మూడు భాగాల తేడాతో రెండూ రాశాడు. భయం నిన్ను తప్పు నుంచి వెనక్కి లాగుతుంది, ప్రేమ నిన్ను ముందుకు లాగుతుంది, దారి ఒకటే. ఆ ప్రేమ భాగంలో ఆయన చెప్పేది మన ఇళ్లలో మాట్లాడుకునే మాటల్లాగే ఉంటుంది: మనిషి ఎవర్ని ప్రేమిస్తాడు? తనని బతికించినవాళ్లని, తనకి మేలు చేసినవాళ్లని, తనకి చేయకపోయినా మంచివాళ్లయినవాళ్లని, అందాన్ని, కారణం తెలియకుండా మనసు కలిసినవాళ్లని. ఇవన్నీ ఒక్కచోట పూర్తిగా ఉన్నది అల్లాలోనే, కాబట్టి ఆయన్ని ప్రేమించకపోవడమే వింత అంటాడు.

మీ అన్నకి సూఫీల పేరు చెప్తే చిరాకు అయితే ఇబ్నె ఖయ్యిమ్ పేరు చెప్పు. డమాస్కస్‌లో 1350లో పోయిన పండితుడు, మీ అన్న వినే బయాన్లలో ఆయన పేరు వచ్చే ఉంటుంది. అల్లా వైపు వెళ్లే మనసు ఒక పక్షి లాంటిది, ప్రేమ దాని తల, భయమూ ఆశా రెండు రెక్కలు అన్నాడాయన. రెక్క విరిగితే పక్షి వేటగాడికి చిక్కుతుంది, తల పోతే చచ్చిపోతుంది. ఈ మాట ఎక్కడ రాశాడో తెలుసా? హెరాత్‌కి చెందిన అబ్దుల్లా అన్సారీ అనే సూఫీ రాసిన చిన్న పుస్తకం మీద తను రాసిన పెద్ద వ్యాఖ్యానంలో.

కాబట్టి భయంతో చేసిన నీ నమాజు నమాజే. పిల్ల భయపడి పరిగెత్తుకుంటూ వెళ్లేది కూడా అమ్మ కొంగు దగ్గరికే కదా. ప్రవక్త కాలంలో యుద్ధంలో పట్టుబడినవాళ్లలో ఒకామె తప్పిపోయిన బిడ్డ కోసం పిచ్చిదానిలా వెతికి, దొరకగానే గుండెకి హత్తుకుని పాలిచ్చిందట. ఈమె తన బిడ్డని నిప్పులో వేస్తుందా అని ప్రవక్త పక్కనున్నవాళ్లని అడిగారు. వేయదు అన్నారు. ఈమెకి బిడ్డ మీద ఉన్న దయకన్నా అల్లాకి తన దాసుల మీద ఉన్న దయ ఎక్కువ అన్నారాయన. ఇది కూడా బుఖారీ, ముస్లిం రెండింట్లో ఉంది. జహన్నం గుర్తొచ్చి నీకు నిద్రపట్టని రాత్రి ఈ తల్లిని గుర్తు తెచ్చుకో.

ఇక నిన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతున్న సంగతి, ఆ ఎండిపోవడం. చెల్లీ, నువ్వు ఇంట్లో పెద్ద దిక్కుని పోగొట్టుకున్నావు. నీకు నమాజు అంటే దాదీ పక్కన జానమాజ్ (నమాజు చాప) పరిచి నిలబడడం. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు. నువ్వు ఏడవాల్సింది దాదీ కోసం, ఆ ఏడుపు ఎక్కడో అడ్డం పడి నమాజుని కూడా ఆపేస్తోందేమో అని నాకనిపిస్తోంది. దాన్ని అల్లా శిక్ష అనుకోకు.

మనసు ఇలా బిగుసుకుపోవడానికి సూఫీలు 'ఖబ్జ్' అని పేరు పెట్టారు, మళ్లీ విప్పారడానికి 'బస్త్' అన్నారు. దారిలో నడిచే ప్రతివాళ్లకీ రెండూ వస్తాయని చెప్పారు. గజాలీకే వచ్చింది. బాగ్దాద్ నిజామియా మదర్సాలో 300 మంది శిష్యులకి పాఠం చెప్పే పెద్ద ప్రొఫెసర్, 1095లో ఉన్నట్టుండి నోట మాట రాలేదు, ముద్ద మింగుడుపడలేదు. ఇది మనసులో పుట్టిన జబ్బు, మా చేతుల్లో లేదని వైద్యులు చేతులెత్తేశారు. ఇవన్నీ ఆయనే తన కథలో రాసుకున్నాడు. ఉద్యోగం వదిలి డమాస్కస్ వెళ్లిపోయాడు, ఏళ్ల తరబడి తిరిగాడు. నువ్వు ఉద్యోగం వదలక్కర్లేదులే, అంత చదివిన మనిషికి కూడా నాలుక ఎండిపోయిన రోజులు వచ్చాయని మాత్రం గుర్తుపెట్టుకో. ఒకమాట, నిద్ర, తిండి పూర్తిగా పోయి రోజులు గడవడమే కష్టంగా ఉంటే డాక్టర్‌కి చూపించుకో, అందులో దీన్‌కి విరుద్ధం ఏమీ లేదు, మందుల షాపులో ఉన్నదానివి నీకు నేను చెప్పాలా.

మౌలానా రూమీ (1207లో పుట్టి 1273లో కోన్యాలో పోయాడు) మస్నవీ అనే తన కావ్యంలో ఒక కథ చెప్తాడు. ఒకతను రాత్రంతా అల్లా, అల్లా అని పిలుస్తుంటాడు. షైతాన్ వచ్చి, ఇన్ని రాత్రులు పిలిచావు, ఒక్కసారైనా 'ఇదిగో ఉన్నాను' అని జవాబొచ్చిందా అని అడుగుతాడు. అతని గుండె జారిపోతుంది. పిలవడం మానేసి పడుకుంటాడు. కలలో ఖిజర్ అనే మహనీయుడు కనబడి ఎందుకు మానేశావంటే, జవాబు రావడం లేదు, తలుపు దగ్గర్నుంచే గెంటేశారేమోనని భయంగా ఉంది అంటాడు. అచ్చం నీ ఉత్తరంలో ఉన్న మాటే. అప్పుడు ఖిజర్ చెప్తాడు: నువ్వు అల్లా అని పిలవడమే ఆయన జవాబు, నీలోని ఆ బాధ, ఆ తపనే ఆయన నీ దగ్గరికి పంపిన దూత.

వదిలేశాడేమోనని నీకు టెన్షన్ ఉంది కదా. వదిలేసిన మనసుకి ఆ టెన్షన్ ఎందుకుంటుంది?

ఏం చేయను అన్నావు. నమాజు మానొద్దు, పెదాలతోనే అయినా సరే. ఫర్జ్ (తప్పనిసరి నమాజులు) చేసుకో, ఈ రోజుల్లో నఫిల్ (అదనపు నమాజుల) బరువు పెట్టుకోకు. ఇషా (రాత్రి నమాజు) తర్వాత జానమాజ్ మీద అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, మన ఇంటి భాషలో, దక్కనీలోనో తెలుగులోనో, దాదీ గురించి అల్లాకి చెప్పుకో. అరబ్బీ రాకపోతే దువా వినడని ఎవరైనా అంటే నమ్మకు.

ఇంకొకటి. ఢిల్లీ సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా (1325లో పోయారు) ఇబాదత్ (ఆరాధన) రెండు రకాలు అనేవారు. నమాజు, రోజా, హజ్ లాంటివి ఒక రకం, వాటి లాభం చేసినవాడి దగ్గరే ఆగుతుంది. ఇంకొకరి కడుపు నింపడం, ఇంకొకరి బరువు దించడం రెండో రకం, దాని పుణ్యానికి లెక్క లేదు. ఆయన దాదాపు ఎప్పుడూ ఉపవాసమే. సెహ్రీకి (ఉపవాసం మొదలయ్యే ముందు తెల్లవారుజామున) అన్నం పెడితే, మసీదు మూలల్లో, అంగళ్ల అరుగుల మీద ఎంతమంది ఆకలితో పడుకున్నారో, నాకు ముద్ద ఎలా దిగుతుంది అని వెనక్కి పంపించేసేవారని ఆయన శిష్యుల తరంలో రాసిపెట్టారు. ఆయన వంటశాలలో మాత్రం వచ్చినవాళ్లందరికీ అన్నమే. అల్లా ప్రేమ అంటే ఆయన పరంపర అయిన చిష్తీ సూఫీల దగ్గర ఇదీ, పాట కన్నా ముందు పళ్లెం. నీ కౌంటర్ ముందుకి చీటీ పట్టుకుని ఎంతమంది ముసలివాళ్లు వస్తారో నాకు తెలుసు. పొద్దున ఏది, రాత్రి ఏది అని అర్థం కాక నిలబడతారు. ఒక్కొక్కరికి ఒక నిమిషం ఎక్కువ ఇవ్వు, స్ట్రిప్ మీద పెన్నుతో సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి ఇవ్వు. మనసు ఎండిపోయిన రోజుల్లో కూడా చేయగలిగిన ఇబాదత్ ఇది.

దాదీలకి ఈ ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఇది మన ఇంటి కథ. బీజాపూర్ చిష్తీ సూఫీలు దక్కనీలో చక్కీనామాలు, చర్ఖానామాలు అని పాటలు కట్టారు. చక్కీ అంటే తిరగలి, మా వైపు ఇసుర్రాయి అంటాం. ఆడవాళ్లు పిండి విసురుతూ పాడుకునే పాటలు. తిరగలి పిడి నిలువుగా ఉంటుంది కదా, అది అరబ్బీలో నిలువు గీతలా రాసే అలిఫ్ అక్షరం లాంటిది, అలిఫ్ అంటే అల్లా, ఆ అలిఫ్ పట్టుకునే రాయి తిరుగుతోంది అని ఒక పాటలో ఉంటుంది. మా నానీ (అమ్మమ్మ) రాగులు విసిరేటప్పుడు ఏదో పాడేది, మాటలు గుర్తులేవు, రాయి ఒక చుట్టు తిరిగేసరికి ఒకసారి అల్లా పేరు వచ్చేది, ముంజేతికి పిండి అంటుకుని తెల్లగా ఉండేది. చదువు రాని మనిషి. తౌహీద్ (అల్లా ఒక్కడే అన్న నమ్మకం) ఆమెకి ఆ రాయి నేర్పింది.

అన్నతో వాదించకు. దర్గా ఆచారాల మీద ఆయనకున్న అభ్యంతరాలు కొన్ని సరైనవే. సమాధికి సజ్దా (సాష్టాంగం) చేయడం తప్పని సూఫీ పెద్దలే చెప్పారు. గుల్బర్గాలో దర్గా ఉన్న సూఫీ బందే నవాజ్ (1422లో పోయారు) నిజాముద్దీన్ ఔలియా శిష్యుడికి శిష్యుడు, షరియత్ (మత నియమాల) విషయంలో చాలా గట్టి మనిషి. దేవ్‌బంద్ మదర్సా పెట్టిన పెద్దలు దర్గాల్లో జరిగే చాలావాటిని విమర్శించారు, కానీ వాళ్లే సూఫీ గురువు హాజీ ఇమ్దాదుల్లా చేతిలో చెయ్యి పెట్టి చిష్తీ సిల్సిలాలో (గురుపరంపరలో) చేరినవాళ్లు. అంటే దర్గాలో ఏం చేయాలి, చేయకూడదు అన్నది ఒక చర్చ, అల్లాని ప్రేమించడం ఇంకొకటి. అన్న రెండూ కలిపేస్తున్నాడు. ఈసారి ఫోన్ చేసినప్పుడు, అన్నా, దాదీ మన గురించి దర్గాలో దువా చేసేటప్పుడు ఏమనేదో నీకు గుర్తుందా అని అడుగు, అంతే. కువైట్‌లో ఒంటరిగా గదిలో ఉంటాడు, దాదీ మయ్యత్‌కి (అంత్యక్రియలకి) రాగలిగాడో లేదో నువ్వు రాయలేదు. రాలేకపోయి ఉంటే ఆ కరుకుదనం వెనక అదే ఉండొచ్చు.

తస్బీ. జిక్ర్‌ని (అల్లా నామస్మరణని) వేళ్ల మీద లెక్కపెట్టమని హదీసు ఉంది, కాబట్టి అన్న వేళ్ల మీద చేయమంటే అది మంచిదే, చెయ్యి. గులకరాళ్లో ఖర్జూరపు గింజలో ముందు పెట్టుకుని లెక్కపెట్టుకుంటున్న ఒక స్త్రీ ప్రస్తావన కూడా అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది, ఆ హదీసు బలం గురించి పండితుల్లో చర్చ ఉన్నా, దాన్ని బట్టి తస్బీ తప్పు కాదన్నవాళ్లు ఎంతోమంది. నువ్వు దాన్ని వాడినా వాడకపోయినా ఉంచుకో. ఎన్నో ఏళ్లు ఆ గింజల మీద ఒక పేరు నడిచింది, దాదీ వేళ్ల నూనె వాటికి పట్టి ఉంటుంది. పూలదారం మాత్రం ఎక్కువ రోజులు ఆగదు, చెమట తగిలితే పుచ్చిపోతుంది. ఈ శుక్రవారం తీరిగ్గా కూర్చుని నైలాన్ దారంలోకి గింజలన్నీ మార్చి కట్టు, దాదీ వేసిన ఆ ముడిని కత్తిరించి పారేయకుండా ఒక చిన్న కాగితంలో మడిచి నీ ఖురాన్ గిలాఫ్‌లో (గుడ్డ తొడుగులో) పెట్టుకో.